తిరిగి వెళ్తాడని రాసివ్వండి

నాంపల్లి కోర్టుల బయట, టైపిస్టు పక్కన వేసిన ప్లాస్టిక్ స్టూలు మీద ఒక తండ్రి కూర్చున్నాడు. ఒళ్లో బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆధార్ జిరాక్సు. చెవి దగ్గర ఫోను. అవతల డబ్లిన్‌లో ఎంఎస్ చదివే కొడుకు. క్రిస్మస్ సెలవుల్లో స్నేహితులతో కలిసి రోమ్, ఫ్లోరెన్స్ చూసి రావాలని వాడి కోరిక. ఖర్చులు నేను భరిస్తానని తండ్రి ఒక అఫిడవిట్ ఇవ్వాలట, నోటరీ ముద్రతో. తండ్రి పేచీ డబ్బు గురించి కాదు.

‘‘నువ్వున్నదే యూరప్‌ల గదరా! మళ్లా యూరప్ వీసా ఏంది?’’

అడగాల్సిన ప్రశ్నే. ఇప్పుడు యూరోపియన్ యూనియన్ అంటున్న కూటమిలో ఐర్లాండ్ 1973లోనే చేరింది. అక్కడ చెల్లేదీ యూరోనే. కానీ ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల జాబితాలో మాత్రం అది లేదు. 300 యూరోలు కట్టి మనవాడు తీసుకున్న ఐఆర్‌పీ అనే నివాస కార్డు, దాని మీద ‘స్టాంప్ 2’ అనే విద్యార్థి అనుమతి ఐర్లాండ్‌లో ఉండటానికే పనికొస్తాయి. రోమ్‌కి విమానంలో మూడు గంటలు. కాగితాల దారిలో మూడు నెలలు పట్టినా పట్టొచ్చు. అదే వాడి బాబాయి కూతురు మ్యూనిక్‌లో చదువుతోందనుకోండి. జర్మనీ ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్టు బ్యాగులో పడేసుకుని రాత్రి బస్సెక్కితే పొద్దున్నే వెనిస్‌లో కాఫీ తాగొచ్చు. ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. ఏ 180 రోజుల్ని లెక్కేసినా బయటి షెంగెన్ దేశాల్లో గడిపినవి 90 రోజులు దాటకుంటే చాలు. లండన్‌లో, మాంచెస్టర్‌లో చదివే తెలుగు పిల్లలందరిదీ డబ్లిన్ కుర్రాడి పరిస్థితే. అట్లాంటిక్‌కి అవతల అమెరికాలో ఉన్నవాళ్లదీ అంతే. ఒకే ఇంట్లోంచి బయల్దేరిన ఇద్దరు పిల్లల్లో ఎవరు ఇటలీ చూస్తారన్నది రెండేళ్ల కిందట అడ్మిషన్ లెటర్ ఏ దేశం నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి తేలిపోతుంది. అప్పుడు ఆ సంగతి ఎవరికీ తోచదు. ఫీజు ఎంత, పార్ట్‌టైమ్ దొరుకుతుందా, ఇవే ప్రశ్నలు.

షెంగెన్ ఒక చిన్న ఊరు. లక్సెంబర్గ్‌లో, మోసెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల మధ్య ఉంటుంది. నది దాటితే జర్మనీ, కాస్త పక్కకి జరిగితే ఫ్రాన్స్. 1985 జూన్ 14న ఐదు దేశాల ప్రతినిధులు అక్కడ ‘ప్రిన్సెస్ మేరీ ఆస్ట్రిడ్’ అనే పడవ మీద కూర్చుని, తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు చేశారు. పదేళ్లకి, 1995 మార్చి 26న, అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 29 దేశాలున్నాయి. బల్గేరియా, రుమేనియా పూర్తిగా లోపలికి వచ్చింది 2025 జనవరి 1న. మన దగ్గర మాత్రం ఆ ఊరిని ‘షెంజెన్’ అంటారు. చైనాలో ఫోన్లు తయారయ్యే నగరాన్నీ అలాగే అంటారు కాబట్టి, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఆ మాటకి సరుకొచ్చే ఊరని అర్థం, ట్రావెల్ ఏజెంటు ఆఫీసులో వీసా అని అర్థం.

వీసాకి పెట్టుకోవడమంటే ఫారం నింపడం అనుకుంటారు కొత్తవాళ్లు. ఫారం అరగంట పని. పనితనమంతా దాని వెనకాల పెట్టే ఫైల్‌లో ఉంది. మనల్ని ఎన్నడూ చూడని, ఇకముందు చూడబోని ఒక అధికారి ముందు మన తరఫున మాట్లాడాల్సింది ఆ ఫైలే. కుట్టుపని లాంటిదే ఇదీ. ఒక్కో ముక్కని విడిగా చూస్తే అన్నీ బాగుంటాయి. కలిపి కుట్టాకే చంక దగ్గర బిగుసుకుందని తెలుస్తుంది. హోటల్ బుకింగ్ 27 దాకా, ఇన్సూరెన్స్ 26 దాకా, కవర్ లెటర్‌లో ‘ఎనిమిది రోజులు’, ఫారంలో తొమ్మిది. ఇందులో అబద్ధం ఏదీ లేదు. అయినా చదివేవాడి కలం అక్కడ ఆగుతుంది.

చిన్న కొలతలు మొదట చెప్పేసుకోవాలి. ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. అందులో ముఖమే 70 నుంచి 80 శాతం. అమెరికాకి దిగిన రెండంగుళాల చదరపు ఫొటో ఇక్కడ చెల్లదు. అబిడ్స్ స్టూడియోల్లో ‘ఏ కంట్రీ?’ అని అడిగాకే కెమెరా ఎత్తుతారు, ‘నవ్వొద్దు’ అంటారు. పెళ్లి ఫొటోలకి నవ్వమని బతిమాలేదీ వాళ్లే. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చిందై, రెండు ఖాళీ పేజీలతో, తిరుగు ప్రయాణం తర్వాత మరో మూడు నెలలు చెల్లేలా ఉండాలి. ఫీజు 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు, అంతకుముందు 80. చదువు పనిమీద వెళ్లే విద్యార్థులకి ఫీజు మినహాయింపు ఉంది. విద్యార్థే అయినా ఊళ్లు చూడటానికి వెళ్తే లేదు. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. అరవైకి ఒకటి తక్కువెందుకో ఎవరైనా చెబితే ఈ కాలమ్ రాసేవాడు వినడానికి సిద్ధం.

డబ్బు దగ్గరికొస్తే కథ మారుతుంది. ‘ఫండ్స్ చూపించడం’ అన్న మాటలోనే ఏదో నాటకం వాసన ఉంది. స్టేట్‌మెంట్ చివర ఎంత నిల్వ ఉందో చూస్తారని అందరి నమ్మకం. చదవడం తెలిసినవాళ్లు చూసేది రాకపోకలు. ఆరు నెలలు పన్నెండు వేలకి మించని ఖాతాలో ఒక మంగళవారం మూడు లక్షలు దిగి, గురువారం స్టేట్‌మెంట్ తీశారంటే, పక్కింటి నగలు పెట్టుకుని పెళ్లిచూపులకి కూర్చున్నట్టే. మెడలో హారం బాగానే ఉంటుంది, చెయ్యి మాత్రం మాటిమాటికీ దాన్నే తడుముకుంటుంది. డబ్లిన్ కుర్రాడి దగ్గర దీనికన్నా గట్టి కాగితం ఒకటుంది, దాని విలువ వాడికి తెలియదు. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చని అక్కడి నిబంధన. ఆ జీతం చిన్నదే కానీ క్రమం తప్పకుండా ఖాతాలో పడుతుంది. అద్దె క్రమం తప్పకుండా బయటికి పోతుంది. ఈ మనిషి ఈ ఊళ్లో కాపురం ఉంటున్నాడు అని అంతకన్నా సూటిగా చెప్పే సాక్ష్యం లేదు. దాన్ని అడుగున పెట్టి తండ్రి ఫిక్సెడ్ డిపాజిట్లు పైన పెట్టడం మన అలవాటు. రెండూ పెట్టొచ్చు, కానీ ముందు కుర్రాడిది ఉండాలి.

‘డమ్మీ టికెట్’ అనేది ఇంకో విద్య. నిజానికి వీసా రాకముందే టికెట్ కొనమని నియమావళి పట్టుబట్టదు. రానూ పోనూ రిజర్వేషన్ ఉంటే చాలంటుంది. అంటే నిజమైన రిజర్వేషన్ అని అర్థం, ఫొటోషాప్‌లో పుట్టింది కాదు. తప్పుడు కాగితం దొరికితే తిరస్కరణకి అదొక్కటే చాలు, ఆ మచ్చ తర్వాతి దరఖాస్తులకీ అంటుకుంటుంది. కవర్ లెటర్ సంగతి సరేసరి. ‘మీ దేశపు ఘనమైన సంస్కృతి నన్ను బాల్యం నుంచీ ఆకర్షిస్తున్నది’ అంటూ మొదలయ్యే ఉత్తరం ఒకటి చేతులు మారుతూ తిరుగుతోంది. దేశం పేరు మార్చడం మరిచిపోయి ఇటలీకి ఫ్రాన్స్ పొగడ్తలు పంపేవాళ్లూ ఉన్నారు. దాని బదులు నాలుగు తేదీలు చాలు: సెలవులు ఎప్పుడు మొదలు, విమానం ఎప్పుడు, తిరుగు విమానం ఎప్పుడు, జనవరిలో మొదటి పరీక్ష ఎప్పుడు.

ఫలానా దేశం ‘ఈజీ’ అని దానికి పెట్టి, ఇంకోచోట తిరిగొచ్చే తెలివి గురించి కూడా ఒక మాట. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. అన్నిచోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పెట్టాల్సిన చోటు కూడా చట్టప్రకారం నివాసం ఉంటున్న దేశమే. అంటే మనవాడు వేసవిలో ఇంటికొచ్చినప్పుడు ‘హైదరాబాద్‌లోనే కానిచ్చేద్దాం’ అంటే మామూలుగా కుదరదు. డబ్లిన్‌లోనే పెట్టాలి. నాంపల్లి నుంచి వెళ్లగలిగేవి కాగితాలే.

ఆ కాగితాల పుట్టినిల్లు మాత్రం నాంపల్లే. ఇంటర్మీడియట్ బోర్డు విద్యాభవన్ ఇక్కడే. పదో తరగతి పరీక్షలు జరిపే ప్రభుత్వ పరీక్షల విభాగం చాపెల్ రోడ్‌లో. తెలుగువాడి పేరు మొదటిసారి ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాయమయ్యేది పదో తరగతి మెమోలో. ఆ స్పెల్లింగు తర్వాత జన్మంతా వెంటాడుతుంది. మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో ‘సర్‌నేమ్’కి ఒక గడి, ‘గివెన్ నేమ్’కి ఇంకో గడి. మనవాళ్లు కొందరు మొత్తం పేరు ఒకే గడిలో పోసేసి రెండోది ఖాళీగా వదిలేస్తారు. దాని ఫలితం అమెరికా వీసా మీద పేరుండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే పేరు తెలియదని, అచ్చవడం. 2022 నవంబర్‌లో యూఏఈ అయితే ఒంటిపేరు పాస్‌పోర్టుతో పర్యటన వీసా మీద వచ్చేవాళ్లని రానివ్వబోమని ప్రకటించింది. ఇక తండ్రి పేరు: ఆధార్‌లో ‘కె’ అనే పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో ఇంటిపేరు చివర. తల్లి పేరులోని ‘లక్ష్మి’ ఒకచోట ఐదక్షరాలు, ఒకచోట ఏడు. ఈ ముగ్గురు నలుగురూ ఒకే మనిషని ప్రమాణం చేస్తూ ఇంకో అఫిడవిట్. నాంపల్లి టైపిస్టుల దగ్గర దాని నమూనా సిద్ధంగా ఉంటుంది, పేర్లు మార్చడమే పని. పుట్టినరోజు సంగతి ఎత్తకపోవడమే మంచిది. బడిలో వేసేటప్పుడు పంతులుగారు వయసు సరిపోయేలా జూన్‌లో పుట్టించిన పిల్లలు ఒక తరం నిండా ఉన్నారు.

తెలుగులో వీసా గురించి రాస్తూ చిలుకూరు బాలాజీని తలవకపోతే పాపం కాబట్టి: పదకొండు ప్రదక్షిణలు ముందు, కోరిక తీరాక నూట ఎనిమిది. ఆయన ఏ పేరుకీ స్పెల్లింగు అడగడు.

కోర్టుల నుంచి అబిడ్స్ వైపు నడిస్తే నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద ‘గోల్డెన్ త్రెషోల్డ్’ వస్తుంది. సరోజినీ నాయుడి పుట్టింటివారి ఇల్లు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పాఠాలు మొదలైంది ఇక్కడే. రోడ్డున పోయేవాళ్లు దాన్ని కవయిత్రి ఇల్లుగా చూస్తారు. విదేశాల్లో చదివినవాళ్ల ఇల్లుగా చూసినా తప్పులేదు. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేటు చేసి వచ్చి హైదరాబాద్‌లో కాలేజీ నడిపినవాడు. కూతురు సరోజిని 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండ్ వెళ్లింది. ముందు లండన్ కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జిలో గిర్టన్. మధ్యలో ఇటలీ చూసొచ్చింది. ఆ దేశం చూసి మైమరచి రాసిన ఉత్తరాల ముక్కల్ని, 1905లో లండన్‌లో అచ్చయిన ఆమె తొలి పుస్తకానికి ముందుమాట రాసిన ఆర్థర్ సైమన్స్ అందులో చేర్చాడు. ఇంటికి ఇప్పుడున్న పేరు ఆ పుస్తకానిదే. 1898లో తిరిగొచ్చి, ఎడిన్‌బరోలోనే వైద్యం చదివిన తెలుగువాడు డాక్టర్ గోవిందరాజులు నాయుణ్ణి పెళ్లి చేసుకుంది.

ఇంగ్లండ్‌లో చదివే విదేశీ విద్యార్థిని, సెలవులకి ఇటలీ. మన డబ్లిన్ కుర్రాడి కోరికకి ఇదే రోడ్డు మీద నూటపాతికేళ్ల పైచిలుకు పూర్వరూపం ఉందన్నమాట. తేడా కాగితాల్లోనే. మొదటి ప్రపంచయుద్ధం ముందు పశ్చిమ యూరప్‌లో చాలా సరిహద్దుల్ని మామూలు ప్రయాణికులు పాస్‌పోర్టు చూపించకుండానే దాటేవాళ్లు. 1914లో యుద్ధం గూఢచారుల భయం తెచ్చింది, భయం కాగితాలు తెచ్చింది, యుద్ధం పోయినా కాగితాలు పోలేదు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి పాస్‌పోర్టు పుస్తకం ఎలా ఉండాలో ఖాయం చేసింది. మనకేమీ ఇది కొత్త కాదు. పాత తెలుగులో దీన్ని రహదారి చీటీ అనేవాళ్లు. ఇప్పుడు రహదారి అంటే రోడ్డు. చీటీ పోయి దారి మిగిలింది, కనీసం మాటలోనైనా.

అదే ఇంటి కొడుకు వీరేంద్రనాథ్ కథ ఇంకో వైపు నడిచింది. ఐసీఎస్ పరీక్షలకని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ వెళ్లాడు. విప్లవకారుడై పారిస్, యుద్ధకాలంలో బెర్లిన్, ఆపైన స్టాక్‌హోమ్, చివరికి సోవియట్ రష్యా చేరాడు. 1937లో స్టాలిన్ కాలపు ఊచకోతలో ప్రాణం పోయింది. చదువుకని నాంపల్లి దాటినవాడు మళ్లీ ఇంటి గడప తొక్కలేదు.

వీసా అధికారి బుర్రలో ఉండేది ఈ ఒక్క అనుమానమే: వచ్చినవాడు తిరిగి వెళ్తాడా? షెంగెన్ తిరస్కరణ పత్రంలో కారణాలన్నీ ముందే అచ్చువేసి ఉంటాయి, పక్కన గడిలో టిక్కు పెడతారు. వీసా గడువు ముగిసేలోగా వెళ్లిపోతారన్న మీ ఉద్దేశం మీద సహేతుకమైన సందేహాలున్నాయి అనే అర్థం వచ్చే గడి వాటిలో అందరికీ తెలిసినది. 2024లో భారత్‌లో పడిన షెంగెన్ దరఖాస్తులు 11 లక్షల పైచిలుకు. సుమారు లక్షా అరవై అయిదు వేలు తిరస్కరణకి గురయ్యాయి. ఆ 90 యూరోలు వెనక్కి రావు.

నలభై ఏళ్ల ఉద్యోగి ఈ సందేహాన్ని తీర్చడానికి జీతం చీటీ, ఇల్లు, భార్యాపిల్లల్ని చూపిస్తాడు. ఇరవై మూడేళ్ల విద్యార్థి దగ్గర అవేవీ ఉండవు. ఉంటే విద్యార్థి ఎందుకవుతాడు? పైగా వాడు తిరిగి వెళ్లాల్సింది సొంత ఊరికి కాదు. ముగ్గురితో పంచుకున్న అద్దె గదికి, ఏడాదికోసారి పొడిగించుకునే కార్డుకి, ఇంకా రాయని పరీక్షకి. ఇవన్నీ తాత్కాలికాలే. ఒక తాత్కాలికాన్ని చూపించి ఇంకో తాత్కాలికానికి అనుమతి అడగడం అంటే తాటాకు మీద తాటాకు పేర్చడమే. అందుకే కాలేజీ ఇచ్చే ఉత్తరం, అంటే ఫలానా తేదీ దాకా కోర్సు, హాజరు సరిగా ఉంది, ఫలానా రోజు తరగతులు మళ్లీ మొదలు అనేది, ఫైల్‌లో అన్నిటికన్నా పైన ఉండాలి. తండ్రి అఫిడవిట్ దాని వెనక.

ఇందులో ఒక వక్రత కూడా ఉంది. 2024 ఏప్రిల్ 18న యూరోపియన్ కమిషన్ భారతీయులకి కొత్త వెసులుబాటు ఇచ్చింది: మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్లకి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత మామూలుగా అయిదేళ్లది. చదివి సంబరపడి డబ్లిన్‌కి ఫోన్ చేసిన తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. అది భారత్‌లో నివాసముంటూ భారత్‌లోనే దరఖాస్తు పెట్టేవాళ్లకి. ఇంటికాడ ఉన్న తండ్రికి వర్తిస్తుంది, యూరప్‌లో ఉన్న కొడుక్కి వర్తించదు.

అపాయింట్‌మెంట్ స్లాట్ల సంగతి ఎంత రాసినా ఆయాసమే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజులకన్నా ఆలస్యం చెయ్యకూడదు. నిర్ణయానికి పదిహేను రోజులు, అవసరమైతే నలభై అయిదు. డిసెంబర్ ప్రయాణానికి సెప్టెంబర్‌లో కదలాలి. మనవాడు నవంబర్‌లో కదిలాడు, అందరు మనవాళ్లలాగే.

నాంపల్లిలో ముసాయిదా తయారైంది. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని టైపిస్టు తెలుగులో చదివి వినిపించాడు. ఖర్చులన్నీ నేనే భరిస్తాను. బస, భోజనం, ప్రయాణం. నా కుమారుడు పర్యటన ముగిసిన వెంటనే తిరిగి ఐర్లాండ్ వెళ్లిపోతాడని హామీ ఇస్తున్నాను. తండ్రి ఆ చివరి వాక్యం దగ్గర ఇంకోసారి చదవమన్నాడు. రెండేళ్లుగా వాడు ఎప్పుడొస్తాడా అని ఇంట్లో లెక్క పెట్టుకుంటున్న మనిషి. ‘‘ఐర్లాండ్‌కేనా?’’ అన్నాడు. ‘‘అట్లనే ఉండాలె సార్, పంపిన ఫార్మాట్ల అదే ఉంది’’ అన్నాడు టైపిస్టు, తల తిప్పకుండా. ఒక్క గడి ఇంకా ఖాళీగా ఉంది.

‘‘పర్పస్ ఏం కొట్టాలె? చదువా, ఉద్యోగమా?’’

‘‘రెండూ కాదు. చూడనీకి పోతుండు.’’

‘‘చుట్టాలున్నరా ఆడ?’’

‘‘ఎవ్వరూ లేరు. ఊకె, చూడనీకే.’’

టైపిస్టు మొదటిసారి తలెత్తి ఆయన వంక చూశాడు. తర్వాత ‘టూరిజం’ అని కొట్టి, ప్రింటర్‌లో వంద రూపాయల స్టాంపు కాగితం సర్దాడు.